పంపు మోత

మా పశువుల కొట్టంలో ఒక పాత తైవాన్ పంపు ఉంది. పత్తికి మందు కొట్టడానికి వీపుకు తగిలించుకునే పెట్రోలు పంపు. ట్యాంకు పగిలింది, బెల్టు తెగింది. మొన్నమొన్నటిదాకా పాత ఇనుప సామాను బండి వచ్చినప్పుడల్లా మా ఆయన సుదర్శన్ దాన్ని బయటికి తెచ్చేవాడు, నేను మళ్లీ లోపల పెట్టేదాన్ని. "గా పంపుల ఏమున్నదే సుమనా?" అనేవాడు. ఏముందో ఆయనకూ తెలుసు. నా నోటితో చెప్పించుకోవాలని ఆయన సరదా.

ఐదేళ్ల కిందటి మాట. మల్దకల్ దగ్గర మాకు ఎకరంన్నర సీడ్ పత్తి, విత్తనాల కోసం వేసే పత్తి. ఆ ఏడు క్రాసింగ్ మొదలయ్యేనాటికి మా వేదకు ఐదు నెలలు. క్రాసింగ్ అంటే, సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి లోపలి పుప్పొడి తీసేయాలి, మర్నాడు పొద్దున మగ చెట్ల పూలు తెచ్చి ఆ మొగ్గలకు ఒక్కొక్కదానికీ అద్దాలి. రెండు నెలలపాటు ఆదివారం లేదు, పండుగ లేదు. ఇంట్లో ఉన్న చేతులన్నీ సాళ్లలో ఉండాల్సిందే, చాలక వేరే ఊళ్లనుంచి కూలీలు రావాల్సిందే. సరిగ్గా అలాంటప్పుడు నేను శ్రీరంగాపూర్‌లోని మా అమ్మగారింటినుంచి పసిబిడ్డను ఎత్తుకుని దిగాను. ఆ బిడ్డ నిద్రపోదు.

పోదంటే పోదు, అంతే. ఇరవై నిమిషాలు కన్ను మూస్తే అదే మహాభాగ్యం. నేను అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని కునుకు తీసేదాన్ని. ఒకరోజు పప్పులో మూడుసార్లు ఉప్పేశాను, ఇంట్లో ఎవరూ కిక్కురుమనలేదు. నా ముఖం చూసి భయపడ్డారనుకుంటాను.

సలహాలకు మాత్రం కరువు లేదు. మా అత్తమ్మ సత్తెమ్మ పూటకోసారి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. పక్కింటి మాలతక్క వస అరగదీసి నాకించమంది. ఫోన్లో ఒకావిడ, గదిలో వెలుతురు తగ్గించి సన్నగా సంగీతం పెట్టమంది. మాది రేకుల గది, పైన కోతులు ఉరుకుతుంటాయి, ఆ సంగీతం చాలదా అనుకున్నాను. సుదర్శన్ సలహా అన్నిటికంటే గొప్పది. "ఏడ్వనియ్యి, అలిసి అదే పంటది" అని చెప్పి ఆయన పడుకునేవాడు.

చేను పక్కన రేకుల షెడ్డు ఉంది. దాని దూలానికి పాత చీరతో తొట్టెల కట్టి, వేదను అందులో వేసి, నేను పక్క సాళ్లలో పూలు అద్దేదాన్ని. పది పూలు అద్దేలోపు కేరుమనేది. పరుగెత్తి ఊపేదాన్ని. మళ్లీ పది పూలు.

ఒకరోజు సుదర్శన్ గట్టు మీద పంపు తాడు లాగాడు. అది గుర్రుమని మొదలైంది. వేద ఏడుపు టక్కున ఆగిపోయింది. మా అత్తమ్మ బిడ్డకేమైందోనని తొట్టెల దగ్గరికి ఉరికింది. చూస్తే బిడ్డ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ట్యాంకులో మందు అయిపోయి పంపు ఆగింది. బిడ్డ లేచి ఏడుపు అందుకుంది.

"బంద్ చెయ్యకురా! కొట్టు, ఇంకింత కొట్టు!" అని అరిచింది అత్తమ్మ.

"మందు ఒడిసిందే అమ్మా!"

"నీళ్లు పోసి కొట్టు! నా మనుమరాలు పండుకుంటే నీకేం కాలమొచ్చింది?"

రెండు రోజులు సుదర్శన్ ఉత్త నీళ్లు పోసుకుని షెడ్డు చుట్టూ తిరిగాడు. దారిన పోయే సాయన్న సైకిలు ఆపి, "ఏమయ్యా, షెడ్డుకు పురుగు వట్టిందా?" అని అడిగి మరీ వెళ్లాడు. నేను నవ్వీ నవ్వీ, ఆ నవ్వులోనే ఒక మాట అన్నాను.

"ఊకె నీళ్లు కొట్టుడేంది? మందే కొట్టరాదు. దినాం పది సాళ్లు కొట్టినా పని గూడ అయితది."

అంతకుముందు మందు సాయంత్రం కొట్టేవాళ్లం, కూలీలు సాళ్లలోంచి వెళ్లిపోయాక. నా మాటతో అది పొద్దున తొమ్మిదింటికి మారింది. గాలి పడమటినుంచి వీచేది. మందు వాసన షెడ్డు మీదికి రాదు, సాళ్ల మీదికి పోతుంది. అది మాకు కలిసొచ్చిందనుకున్నాం. రోజూ రెండు గంటలు వేద నిద్రపోయేది, నేనూ తొట్టెల కింద కొంగు పరుచుకుని నిద్రపోయేదాన్ని. ఆ నిద్ర ఎంత తియ్యగా ఉండేదో ఇప్పటికీ మరిచిపోలేను.

ఆ ఏడు మాకు తెలకపల్లి వైపునుంచి ఎనిమిదిమంది కూలీలు వచ్చారు. వాళ్లలో అందరికంటే చిన్నవాళ్లు నిరోష, ఆమె భర్త ఉదయ్ కిరణ్. నిరోష వేళ్లు ఎంత చురుకంటే, నేను ఒక మొగ్గ ఒలిచేలోపు ఆమె నాలుగు ఒలిచేది. వాళ్లకు నీళ్లివ్వాలంటే మా అత్తమ్మ చెంబు పైకెత్తి దోసిట్లో పోసేది తప్ప చెంబు చేతికిచ్చేది కాదు. నేను డిగ్రీ చదివినదాన్ని. చూస్తూ ఊరుకునేదాన్ని.

ఒకరోజు బోరు దగ్గరికి వెళ్తుంటే, మగ చెట్ల వెనక నిరోష వంగి వాంతి చేసుకుంటూ కనిపించింది.

"ఏమైందే? ఎండ దెబ్బనా?"

"ఏం లేదమ్మ. పొద్దుగాల సద్ది పడలే."

మాట్లాడుతూనే కొంగుముడిలోంచి చింతపండు రవ్వ తీసి బుగ్గన పెట్టుకుంది. కిందటేడు నా కొంగున కూడా అదే ముడి ఉండేది.

"ఎన్నో నెల?" అని అడిగాను.

ఆమె ముందు సాళ్ల వైపు చూసింది. మొగుడు వినేంత దగ్గర్లో లేడని చూసుకున్నాక నా చెయ్యి పట్టుకుంది.

"నీకు దండం పెడ్తనమ్మ, ఎవ్వరికి చెప్పకు. ఆయనకు గూడ తెల్వదు. రెండోది నడుస్తుంది."

"ఆయనకు చెప్పకుంటే ఎట్లనే?"

"ఇంతకుముందు రెండు పోయినయమ్మ. రెండుసార్లు ఆయనకు చెప్పిన. ఆయన మా అత్తమ్మకు ఫోన్ చేసిండు. అత్తమ్మ చర్చిల ప్రార్థన పెట్టిచ్చింది. ఊరంత తెలిసింది. పోయినంక ఊరంత వచ్చి పలకరించింది. బిడ్డ పోయిన బాధ ఓర్చుకున్నగాని, గా పలకరింపులు ఓర్చుకోలేకపోయిన. ఈసారి మూడు నెలలు నిండినంకనే నోరు తెరుస్త. అంతదాక నాకు, దేవునికే తెల్వాలె."

నాకు తెలిసింది చెప్పాను. "రేపటిసంది లేవంగనే నాలుగు బొరుగులు నోట్లేసుకో. నీళ్లు గిట్ల వెంటనే తాగకు. కడుపు ఖాళీగ ఉంచకు."

"నీకు గూడ గిట్లనే అయిందా?"

"ఐదో నెల దాక. తాలింపు వాసన పడకపోయేది. మీ సారు తలకు నూనె రాసుకొని పక్కకొస్తే గూడ కక్కిన."

నిరోష కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పాపం సారు," అంది. ఆ రోజునుంచి నేను ఆమెకు అమ్మను కాదు, అక్కను.

మధ్యాహ్నం సద్దులు విప్పే వేళ ఇద్దరం షెడ్డు నీడలో కూర్చునేవాళ్లం. నేను ఇంటినుంచి బొరుగులు తెచ్చేదాన్ని. ఆమె వేదను ముంజేతి మీద బోర్లా వేసుకుని, వీపు మీద మెత్తగా తడుతూ చూపించేది. "నాకు ముగ్గురు తమ్ముళ్లక్క. అందరి తొట్టెల నేనే ఊపిన. ఊపి ఊపి బడి ఇడిసిన," అంది ఒకసారి, ఏ బాధా లేనట్టు. ఆమె భుజం మీద వేద పావుగంటైనా కళ్లు మూసేది. ఆమె ఎత్తుకున్న రోజు మాత్రం మా అత్తమ్మ ఇంటికి రాగానే బిడ్డ గౌను మార్చేది. చెమట వాసన అని సాకు. అప్పుడు కూడా నేను ఊరుకున్నాను.

ఒకరోజు నిరోష అంది. "అన్నిటికన్న గా మందు వాసనే పడతలేదక్క. పొద్దున పంపు మోత ఇనవడంగనే కడుపుల దేవుతది."

"ముక్కుకు స్కార్ఫు కట్టుకోరాదు," అన్నాను.

ఆ సాయంత్రమే సుదర్శన్‌తో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. చెబితే పొద్దుటి నిద్ర పోతుంది, వేదదీ నాదీ. రేపు చెప్తాలే అనుకున్నాను. అట్లా నాలుగు రోజులు రేపు రేపంటూ నిద్రపోయాను. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి గానీ, ఆ నాలుగు రోజులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఐదో రోజు పంపు నడుస్తోంది. వేద నిద్రలో ఉంది. నాకూ కన్ను అంటుకుంటోంది. ఎవరో భుజం తట్టారు. నిరోష. స్కార్ఫు కట్టుకుని ఉంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అక్కా, మరక కనవడ్డది," అంది.

నేను లేచి గట్టు మీదికి ఉరికి, సుదర్శన్ వీపు మీదున్న పంపు స్విచ్చి ఆపేశాను.

"ఏందే, బిడ్డ లేస్తది!"

"లేవనియ్యి. ఇగ పొద్దుగాల మందు కొట్టకు. మునుపటి లెక్క పొద్దుమీకినంకనే కొట్టు."

"మరి దాని నిద్ర?"

"లేకుంటే లేకపాయె."

ఆయన నా ముఖం చూసి ఇంకేం అడగలేదు. అడిగింది మా అత్తమ్మ. నేను వేదను ఎత్తుకుని స్కూటీ తీస్తుంటే ఎదురొచ్చింది.

"గింత ఎండల యాడికి?"

"టీకా ఉందత్తమ్మా, గద్వాలకు. బిడ్డను పట్టుకొని వెనక కూసోనీకె నిరోషను తీస్కపోత."

అత్తమ్మ నిరోష వైపు ఒకసారి చూసి, దారి వదిలింది.

దారి పొడవునా నేను గుంతలు తప్పిస్తూ, నిమ్మళంగా నడిపాను. వెనకనుంచి నిరోష సన్నగా ప్రార్థన చేసుకుంటోంది. నేనూ మా మల్దకల్ వెంకటేశ్వర స్వామికి మొక్కుకున్నాను. వేద మాత్రం స్కూటీ మోతకు హాయిగా నిద్రపోయింది. దాని అవసరానికి మోటారు ఏదైనా ఒకటే.

దవాఖానలో పేరు రాసుకునే అమ్మాయి "మీకేమవుతుంది?" అని అడిగింది. "మా చెల్లె" అన్నాను. నిరోష తల తిప్పి నన్ను చూసింది.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ చాలాసేపు తెర మీదే వెతికింది. నిరోష నా వేళ్లను నలిపేస్తోంది. తర్వాత డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గదిలో గుబగుబమని, ఆగకుండా, వేగంగా ఒక చప్పుడు.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. కానీ జాగ్రత్త. పదిహేను రోజులు పడుకోవాలి. ఆ పురుగుమందుల దగ్గరికి అసలు పోవద్దు," అంది.

నిరోష ఆ చప్పుడు వింటూనే ఉంది. "పంపు మోత లెక్కనే ఉందక్క," అంది మెల్లగా. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చేతిలో బిడ్డ ఉంది కాబట్టి రెండూ ఆపుకున్నాను.

మేం తిరిగొచ్చేసరికి అత్తమ్మ ఇంటి గడప మీద కూర్చుని ఉంది.

"టీకా ఏసిండ్రా?"

"ఏసిండ్రు."

"ఏ తొడకు?"

వేద కుడి తొడ చూపించాను. అత్తమ్మ దాన్ని చూసింది, ఎడమ తొడ కూడా చూసింది. రెండింటి మీదా ఏమీ లేదు. ఆ నెల టీకా అంతకుముందు వారమే ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరుండి వేయించిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

అత్తమ్మ లేచి లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. నిరోష అలవాటు కొద్దీ వంగి దోసిలి పట్టింది.

"వంగకు," అంది అత్తమ్మ, చెంబు ఆమె చేతికిచ్చి. "నీడకు కూసొని తాగు. సుమనా, ఈ పిల్లకు అన్నం పెట్టు. చింతకాయ తొక్కు కుండల ఉంది."

అంతే. ఇంకొక్క ప్రశ్న వేయలేదు.

మర్నాటినుంచి నిరోష సాలులో నేను, తొట్టెల దగ్గర నిరోష. గాలికి అడ్డంగా షెడ్డు పక్కన అత్తమ్మే చాప వేయించింది. కూలీలు గుసగుసలాడితే, "నా మనుమరాలు ఆ పిల్ల కాడనే ఊకుంటుంది, ఏం జేయమంటరు?" అని దబాయించింది. మందు సాయంత్రానికి మారింది, కాబట్టి పొద్దున వేద ఏడుపు మామూలే. ఉదయ్ కిరణ్ కూడా, "మా ఇంటిది రాణి లెక్క పండుకుంటుంది, నేను ఎండుతున్న" అని ఎకసెక్కాలాడేవాడు. పాపం, అతనికి తెలియదు.

రెండు రోజులు పోయాక, పూలు అద్దుతుంటే షెడ్డులోంచి పంపు మోత వినిపించింది. పొద్దున పది గంటలు. నాకు ఒళ్లు మండింది. సుదర్శన్ మాట తప్పాడని చేతిలో పూల బుట్ట కింద పెట్టి ఉరికాను. పంపు గోడకు ఆనించి ఉంది. సుదర్శన్ అక్కడ లేనేలేడు. మా అత్తమ్మ తొట్టెల ఊపుతూ, పెదాలు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా గొంతులోంచి మోత తీస్తోంది. సర్పంచి కూడా జంకే మనిషి, ముక్కుపుల్ల అదిరేలా పంపు అయిపోయింది. తొట్టెలలో వేద నిద్ర. చాప మీద నిరోష పొట్ట పట్టుకుని నవ్వుతూ ఫోను ఎత్తి పట్టింది.

"నాకు గూడ అక్కరకొస్తది, పెద్దమ్మ. ఇంకొక్కపారి చెయ్యవా?"

నన్ను చూసి అత్తమ్మ మోత ఆపింది. కానీ సిగ్గుపడలేదు.

"నీకెప్పుడు తెలిసింది అత్తమ్మా?"

"నలుగుర్ని కన్నదాన్ని, పిల్ల నడక చూస్తే తెల్వదా? నాకూ రెండు పోయినయి, సుదర్శన్‌కు ముందు. పలకరించనీకె వచ్చేటోళ్లకు మొకం చూపలేక నెల దినాలు మా అమ్మగారింట్ల దాక్కున్న. నువ్వెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. పో, పూలు వాడుతున్నయి."

నిరోష చెప్పకుండానే నిరోష మాటే ఆమె నోట వచ్చింది. ఆ పూట సాలులో పూలు అద్దుతూ నేను చాలాసేపు ఏడ్చాను. అలసట వల్ల కొంత, మిగతాది ఎందుకో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఇంట్లో అందరం పంపులమే. నేను రొట్టెలు చేస్తూ మోత తీసేదాన్ని, సుదర్శన్ గడ్డం గీసుకుంటూ మోత తీసేవాడు. అత్తమ్మదే అసలు మోత. మాకు వేద పది నిమిషాలు పడుకునేది, ఆమెకు గంట. నా ఆయుష్షులో అంత అలిసిపోయిన రోజులు లేవు. ఆ రోజులే మళ్లీ కావాలనిపిస్తుంది.

నిరోషకు మళ్లీ మరక కనపడలేదు. దసరా ముందు క్రాసింగ్ ఒడిసింది. తెలకపల్లి వాళ్లు ట్రాలీ ఆటో ఎక్కే రోజుకు ఆమెకు మూడు నెలలు దాటి పది రోజులు. ఆ పొద్దున మగ చెట్ల దగ్గరికి మొగుణ్ణి తీసుకెళ్లి చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు సంచులన్నీ ఉదయ్ కిరణ్ నెత్తిమీదే ఉన్నాయి. ఆమె చేతిలోని నీళ్ల సీసా కూడా లాక్కున్నాడు. అత్తమ్మ ఒక డబ్బాలో చింతకాయ తొక్కు, ఒక పాత మెత్తటి చీర ఇచ్చింది.

"తొట్టెలకు," అంది.

మార్చి నెలాఖరున ఫోను వచ్చింది. మగపిల్లాడు. ఎలీషా అని పేరు పెట్టారు. వెనకనుంచి వాడి ఏడుపు మా ఇల్లంతా వినిపించింది. అత్తమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని, నోటికి దగ్గరగా పెట్టుకుని మోత అందుకుంది. కొంచెంసేపటికి అటువైపు ఏడుపు సద్దుమణిగింది. "పండుకున్నడు పెద్దమ్మ," అని నిరోష గుసగుసగా అనడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అత్తమ్మ కిందటి సంక్రాంతి దాటాక పోయింది. వారం జ్వరం, అంతే. ఫోటో గోడకు పెట్టుకున్నాం. పెళ్లిళ్ల వీడియోలు వెతికాం. ఊరంతా వినేలా మాట్లాడే మనిషి, కెమెరా కనిపిస్తే కొంగు సర్దుకుని మూగదైపోయేది. ఆమె గొంతు మా ఇంట్లో ఏ ఫోన్లోనూ లేదు. సుదర్శన్ పైకి అనలేదు గానీ, చాలా రోజులు వెతికాడు.

మొన్న నిరోష దగ్గర్నుంచి మెసేజ్. ఆమెకు రెండో కాన్పు ఆడపిల్ల, పుట్టి మూడో నెల. "చిన్నది గూడ పండుకుంటలేదక్క. దీనికీ పెద్దమ్మ మోతనే పెడుతున్న. మీ కాడ ఉందో లేదో అని పంపుతున్న." కింద యాభై సెకండ్ల రికార్డింగు.

సుదర్శన్‌ను పిలిచాను. ఇద్దరం కొట్టం అరుగు మీద కూర్చుని పెట్టాం. మోత, మధ్యలో నిరోష నవ్వు, మళ్లీ మోత. చివర్లో మోత ఆపి అత్తమ్మ అంటుంది: "నవ్వకే పిల్లా, బిడ్డ లేస్తది."

వేద బడినుంచి వచ్చి వింది. ఇప్పుడు దానికి ఐదున్నర. "నాయనమ్మ ఎందుకు గట్ల ఒర్రుతుంది?" అంది.

"నిన్ను పండుకోబెట్టనీకె," అన్నాడు సుదర్శన్. ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారి.

నిన్న పాత ఇనుప సామాను బండి వీధిలోకి వచ్చింది. నేను చేతిలో పని వదిలి లేవబోయాను. సుదర్శన్ అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"మా ఇంట్ల ఏం లేదు, పో," అని పంపించేశాడు.